బరువు 58 కిలోలే, నడుము చుట్టుకొలత మాత్రం 91: ఈ పొట్టను పట్టించుకోవాలా?

గుంటూరు నుంచి ఒక సోదరి అడిగిన ప్రశ్న ఇది. వయసు 47, ఎత్తు 153 సెంటీమీటర్లు, బరువు 58 కిలోలు. 39వ ఏట గర్భసంచి తీసేశారు. అప్పటి నుంచి చేతులు, కాళ్లు సన్నగానే ఉన్నా పొట్ట పెరుగుతూ వచ్చింది. ఇప్పుడు నడుము చుట్టుకొలత 91 సెంటీమీటర్లు. పరగడుపున షుగర్ 108, ట్రైగ్లిజరైడ్లు 210, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ 38, స్కానింగ్‌లో గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్. "పిల్లలు పుట్టి, ఆపరేషన్ అయిన ఆడదానికి పొట్ట రాక ఏం చేస్తుంది?" అని ఇంట్లో అంటున్నారట. ఇది అందానికి సంబంధించిన సంగతా, ఆరోగ్యానికి సంబంధించినదా? బెల్టులు, పొట్ట తగ్గించే టీ పొడులు పనిచేస్తాయా?

అమ్మా, ముందు సూటిగా చెబుతాను. ఇది ఆరోగ్యానికి సంబంధించిన విషయమే. మీ రిపోర్టులు ఆ మాట స్పష్టంగా చెబుతున్నాయి. విజయవాడలో ఫిజీషియన్‌గా పనిచేస్తున్న నా దగ్గరకు ఇలాంటి కాగితాలు రోజూ వస్తాయి. షుగర్ చూసినవారు "బార్డర్‌లో ఉంది, స్వీట్లు తగ్గించండి" అంటారు. స్కానింగ్ చూసినవారు "ఫ్యాటీ లివర్ ఇప్పుడు అందరికీ ఉంటోంది" అంటారు. ఈ నాలుగు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చూసేవారే తక్కువ. నడుము 80 సెంటీమీటర్లు దాటడం, ట్రైగ్లిజరైడ్లు 150 లేదా అంతకు మించడం, ఆడవారిలో హెచ్‌డీఎల్ 50 కన్నా తగ్గడం, రక్తపోటు 130/85 చేరడం, పరగడుపు షుగర్ 100 చేరడం: ఈ అయిదింటిలో మూడు ఉంటే మెటబాలిక్ సిండ్రోమ్ అంటాం. మీకు నాలుగున్నాయి. అయిదోదైన బీపీ ఎంతో మీరు రాయలేదు. ఈ నాలుగింటికీ మూలం ఒక్కటే, అది మీ పొట్ట లోపల ఉంది.

బరువు చూస్తే భయపడాల్సినట్టు కనిపించదు. మీ బీఎంఐ, అంటే ఎత్తును బట్టి బరువును చూసే లెక్క, 24.8. పాశ్చాత్య దేశాల పట్టికలో అది మామూలు బరువు. భారతీయులకు మాత్రం 23 దాటితే అధిక బరువు, 25 నుంచి ఊబకాయం. మన శరీరాల్లో కండ తక్కువ, కొవ్వు ఎక్కువ. పుణేకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన డాక్టర్ జాన్ యుడ్కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఇద్దరి ఫొటో పక్కపక్కన వేయించుకున్నారు. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం లండన్ డాక్టరుకు 9.1 శాతం, మన డాక్టరుకు 21.2 శాతం. అందుకే మన ఆడవారి విషయంలో నేను త్రాసు కన్నా టేపును ఎక్కువగా నమ్ముతాను. నడుము చుట్టుకొలత ఎత్తులో సగానికి మించకూడదని 2022లో బ్రిటన్ మార్గదర్శకాలు కూడా చెప్పాయి. మీ ఎత్తులో సగం 76.5. ఏ లెక్కన చూసినా మీరు గీత దాటారు.

ఆ టేపును సరిగ్గా పెట్టడం ముఖ్యం. చాలామంది లంగా బొందు కట్టే చోట కొలుస్తారు. పొట్ట పెరిగేకొద్దీ ఆ బొందు కిందికి జారుతూ పోతుంది కాబట్టి అక్కడి కొలత ఏళ్ల తరబడి ఒకేలా ఉన్నట్టు అనిపిస్తుంది. చీర కుచ్చిళ్ల మీదుగా కొలిస్తే అసలే తప్పు. ఉదయం టిఫిన్‌కు ముందు, బట్ట అడ్డం లేకుండా నిలబడండి. పక్కన వేళ్లతో తడిమి చివరి పక్కటెముక అంచును, తుంటి ఎముక పై అంచును గుర్తించండి. ఆ రెండింటికీ సరిగ్గా మధ్యలో టేపును నేలకు సమాంతరంగా చుట్టండి. పొట్ట లోపలికి లాగకుండా, మామూలుగా ఊపిరి వదిలాక అంకె చూడండి. నెలకోసారి చాలు.

పొట్టలో కొవ్వు రెండు చోట్ల ఉంటుంది. వేళ్లతో పట్టుకుంటే చేతికి వచ్చేది చర్మం కింద ఉన్న కొవ్వు. రెండోది కడుపు గోడకు లోపల, పేగుల చుట్టూ, కాలేయం పక్కన పేరుకునేది. మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నది ఎక్కువగా ఈ రెండోదే. ఇది ఊరికే పడి ఉండదు. దీని నుంచి కరిగే కొవ్వు ఆమ్లాల్లో చాలా భాగం పేగుల నుంచి వచ్చే సిర గుండా నేరుగా కాలేయంలోకి చేరుతుంది. కాలేయం ఆ కొవ్వును కొంత తనలోనే దాచుకుంటుంది, అది మీ ఫ్యాటీ లివర్. కొంత ట్రైగ్లిజరైడ్ల రూపంలో రక్తంలోకి పంపుతుంది, అది మీ 210. కొవ్వు పట్టిన కాలేయం ఇన్సులిన్ మాట వినడం మానేసి, రాత్రంతా ఏమీ తినకపోయినా చక్కెర తయారు చేస్తూనే ఉంటుంది, అది మీ పరగడుపు 108. ఈ కొవ్వు శరీరంలో వాపును పెంచే రసాయనాలను కూడా విడుదల చేస్తుంది, వాటి వల్ల రక్తనాళాల గోడలు దెబ్బతింటాయి. తొడలు, పిరుదుల దగ్గరి కొవ్వుకు ఇంత చెడు స్వభావం లేదు. ఈ తేడాను ఫ్రాన్స్‌లోని మార్సెయ్‌కు చెందిన జాన్ వాగ్ అనే వైద్యుడు 1947లోనే రాశాడు.

ఏ కొవ్వు చెడ్డదో తేల్చిన అధ్యయనం ఒకటి చెబుతాను. కొవ్వు పీల్చే ఆపరేషన్ చేయించుకుందామనుకునే ప్రతి ఒక్కరికీ నేను దీన్ని వివరిస్తాను. 2004లో అమెరికాలో 15 మంది ఊబకాయులైన మహిళల పొట్ట నుంచి లైపోసక్షన్ ద్వారా దాదాపు 10 కిలోల చొప్పున కొవ్వు తీసేశారు. మూడు నెలల్లోపు మళ్లీ పరీక్షిస్తే ఇన్సులిన్ పనితీరు, రక్తపోటు, కొలెస్ట్రాల్, ఏవీ మెరుగుపడలేదు. తీసింది చర్మం కింది కొవ్వు, లోపలిది అలాగే ఉంది. అదే పది కిలోలు తిండి, నడకతో తగ్గితే రిపోర్టులన్నీ మారతాయి.

ఇక మీకు జరిగిన గర్భసంచి ఆపరేషన్ సంగతి. ఈస్ట్రోజెన్ ఉన్నంతకాలం ఆడవారి కొవ్వు తుంటి, తొడల వైపు వెళ్తుంది. నెలసరి ఆగే వయసులో ఆ హార్మోన్ తగ్గాక కొవ్వు పొట్టకు మళ్లుతుంది. అందుకే నలభై అయిదు దాటాక తిండిలో మార్పేమీ లేకపోయినా నడుము పెరుగుతుంది. మీ విషయంలో 39వ ఏట గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీశారా అన్నది చాలా ముఖ్యం. ఆసుపత్రి ఇచ్చిన డిశ్చార్జి కాగితంలో అది రాసి ఉంటుంది. రెండూ తీసేసి ఉంటే మీ శరీరానికి ఈస్ట్రోజెన్ ఒక్క రోజులో ఆగిపోయినట్టే. అలాంటివారికి గుండె జబ్బుల ముప్పు, ఎముకలు గుల్లబారే ముప్పు ముందుగానే మొదలవుతాయి. అండాశయాలు ఉంచినా, గర్భసంచి తీసినవారిలో అవి కొంత ముందుగా అలసిపోవచ్చు. గర్భసంచి తొలగింపు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ముందు వరుసలో ఉంది. తెల్లబట్ట అవుతోందనో, నెలసరి ఎక్కువగా అవుతోందనో ముప్పయ్యేళ్లకే తీయించేసుకున్న వారిని చూసినప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది. చాలాసార్లు మందులతో సరిపోయేది. మీ తోబుట్టువులకో, కోడలికో ఎవరైనా ఈ ఆపరేషన్ సలహా ఇస్తే, ప్రాణం మీదికి వచ్చిన పరిస్థితి తప్ప, ఇంకో గైనకాలజిస్టు అభిప్రాయం తీసుకోకుండా ఒప్పుకోవద్దని చెప్పండి.

పిల్లలు పుట్టకుండా చేయించుకునే ఆపరేషన్ మాత్రం పొట్టకు కారణం కాదు. మన రాష్ట్రంలో అత్యధికులు చేయించుకునేది అదే కాబట్టి నింద కూడా దాని మీదే పడుతుంది. అందులో గొట్టాలకు ముడి వేస్తారు, అండాశయాల జోలికి వెళ్లరు, హార్మోన్లు మారవు. కాన్పు తర్వాత పొట్ట మధ్య కండరాలు రెండు పక్కలకు విడిపోయి తిరిగి దగ్గరకు రాకపోవడం ఇంకో కారణం. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, తల కొంచెం పైకెత్తి బొడ్డు మీద వేళ్లు పెట్టి చూడండి. మధ్యలో రెండు వేళ్ల కన్నా ఎక్కువ సందు తెలిస్తే కండరాలు విడిపోయాయని అర్థం. దానికి ఫిజియోథెరపిస్టు నేర్పే వ్యాయామాలు వేరే ఉన్నాయి. అలాంటప్పుడు కష్టమైన సిటప్స్ చేస్తే ఆ సందు ఇంకా ఉబ్బవచ్చు.

థైరాయిడ్ మీదకు తోసేసేవారూ ఉన్నారు. ఒకసారి టీఎస్‌హెచ్ చేయించండి, మంచిదే. కానీ థైరాయిడ్ తగ్గడం వల్ల పెరిగే బరువు సాధారణంగా కొద్ది కిలోలే, అందులోనూ ఎక్కువ భాగం నీరు, ఉప్పు. నాకు అంతకన్నా ఆందోళన కలిగించేది కీళ్ల నొప్పులకని ఊళ్లో నెలల తరబడి వేయించుకునే ఇంజెక్షన్లు, పేరు లేని పొట్లాల్లో ఇచ్చే మాత్రలు. వాటిలో స్టెరాయిడ్ ఉంటే ముఖం గుండ్రమై, పొట్ట పెరిగి, కాళ్లూ చేతులూ సన్నబడతాయి. పొట్ట మీద ఊదారంగు చారలు, చిన్న దెబ్బకే కమిలిన మచ్చలు, కింద కూర్చుంటే లేవలేకపోవడం ఉంటే అదే అనుమానించాలి. అలాంటి మాత్రలు వాడుతుంటే ఒక్కసారిగా మానేయకండి. అది ప్రమాదం. డాక్టరు చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించుకోవాలి.

ముప్పు ఎంత అని అడుగుతారేమో. అమెరికాలో 44 వేల మందికి పైగా నర్సులను 16 ఏళ్ల పాటు గమనించిన ఫలితాలు 2008లో వచ్చాయి. నడుము 35 అంగుళాలు, అంతకు మించి ఉన్నవారు గుండె జబ్బుతో చనిపోయే అవకాశం, 28 అంగుళాల లోపు ఉన్నవారితో పోలిస్తే దాదాపు రెట్టింపు. బరువు మామూలుగా ఉన్నవారిలో కూడా పెద్ద నడుము ముప్పు పెంచింది. మీ 91 సెంటీమీటర్లు దాదాపు 36 అంగుళాలు. అక్కడివారి కన్నా తక్కువ నడుముకే మనకు ఈ జబ్బులు వస్తాయని కూడా గుర్తుంచుకోండి. దీనితో పాటు షుగర్ వ్యాధి, నిద్రలో ఊపిరి ఆగే గురక, నెలసరి ఆగాక వచ్చే రొమ్ము క్యాన్సర్, గర్భసంచి ఉన్నవారికి ఆ పొర క్యాన్సర్, వీటన్నిటికీ ఊబకాయంతో సంబంధం ఉంది. గర్భంతో ఉన్నప్పుడు మీకు షుగర్ వచ్చి ఉంటే ఆ మాట ప్రతి డాక్టరుకూ చెప్పండి. అలాంటివారికి తర్వాత షుగర్ వ్యాధి వచ్చే అవకాశం ఏడు రెట్లకు పైగా ఉంటుంది.

గుండె విషయంలో ఇంకో మాట. ఆడవారికి గుండెపోటు వచ్చినప్పుడు ఛాతీ నొప్పితో పాటు దవడలో, వీపులో నొప్పి, చెమటలు, ఆయాసం, వాంతి వచ్చినట్టు ఉండటం ఎక్కువగా కనిపిస్తాయి. ఛాతీ నొప్పి స్పష్టంగా లేకపోవచ్చు కూడా. "గ్యాస్ పట్టింది" అని సోడా తాగి పడుకుంటారు, తెల్లవారాక ఆసుపత్రికి వస్తారు. మీ రిపోర్టులు ఉన్నవారు అలా ఆగకూడదు. వెంటనే 108కి ఫోన్ చేయాలి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మొదటిసారి నడుము కొలతలు తీశారు. ఆ లెక్కల ప్రకారం పొట్ట దగ్గర ఊబకాయం దేశంలోని మగవారిలో 12 శాతం మందికి, ఆడవారిలో 40 శాతం మందికి ఉంది. ఇంత తేడాకు హార్మోన్లు ఒక్కటే కారణమని నేను అనుకోను. మన ఇళ్లలో ఆడవారు తినే వేళ, తినే తీరు కూడా కారణమే. అందరికీ వడ్డించాక రాత్రి పదింటికి కూర్చుంటారు. అప్పటికి కూర అడుగంటి ఉంటుంది, అన్నం మిగిలి ఉంటుంది. పారేయడానికి మనసొప్పక ఆ అన్నం పచ్చడితోనో, మజ్జిగతోనో తినేస్తారు. ఈ సమస్యకు మొదటి మందు రాత్రికి ఒక గ్లాసు బియ్యం తక్కువ పోయడం, మీ కూర ముందే గిన్నెలో తీసి పెట్టుకోవడం. ఇందులో స్వార్థం ఏమీ లేదు.

మన కోస్తా భోజనంలో పప్పుతో ఒకసారి, కూరతో ఒకసారి, చారుతో ఒకసారి, పెరుగుతో ఒకసారి అన్నం కలుపుతాం. ఏదీ మానమని నేను చెప్పను. మొదటే అన్నం ఒక కప్పు పెట్టుకుని, నాలుగింటికీ అదే సరిపెట్టండి. పప్పు, కూర మాత్రం రెట్టింపు వేసుకోండి. పెరుగు విడిగా కప్పులో తినండి. బాపట్లలో పుట్టిన సాంబ మసూరి, బీపీటీ అని మనం పిలిచే ఆ సన్నబియ్యం రుచికి లొంగనివారు లేరు. అందుకే కొలత ముందే పెట్టుకోవాలి. కొర్రలు, దంపుడు బియ్యం మంచివే, కానీ వాటిని కూడా కంచం నిండా తింటే లాభం ఉండదు. రాత్రి అన్నం మానేసి నూనె పోసి కాల్చిన నాలుగు చపాతీలు తినడం కూడా అంతే. శనివారం ఒంటిపూట ఉండి రాత్రి రెండు దోసెలు, బొంబాయి చట్నీ తిన్నా లెక్క తగ్గదు.

మీకు కావలసింది మాంసకృత్తులు. రోజుకు దాదాపు 60 గ్రాములు లక్ష్యంగా పెట్టుకోండి. గుడ్డులో 6 గ్రాములు ఉంటాయి. ఉప్మా పెట్టని పెసరట్టు, ఉడికించిన శనగలు, చేపల పులుసు, గట్టి పప్పు, వీటిలో ఏదో ఒకటి ప్రతి పూటా ఉండాలి. రోజుకు మూడు టీలు, ఒక్కోదానిలో రెండు చెంచాల చక్కెర అంటే 30 గ్రాములు. ఇది మొదట తగ్గించండి, కష్టం తక్కువ. నూనె నలుగురికి నెలకు రెండు, రెండున్నర లీటర్లు దాటకుండా డబ్బా మీద తేదీ రాసి పెట్టుకోండి. ఆవకాయ రోజూ వద్దు. అందులో నూనె, ఉప్పు రెండూ ఎక్కువే.

"ఇంటి పనంతా నేనే చేస్తాను, ఇంకా నడక ఎందుకు?" అంటారేమో. ఆ శ్రమను నేను తక్కువ చేయను. అయితే ఆ పనిలో గుండె వేగం అరగంట పాటు ఆగకుండా పెరగదు. వారానికి 150 నిమిషాల చురుకైన నడక కావాలి. మాట్లాడగలిగేలా, పాట పాడలేనంత వేగంగా. మీకు బృందావన్ గార్డెన్స్ స్టేడియం దగ్గరైతే అక్కడికి వెళ్లండి, ఆడవారు కలిసి నడిచే చోట మానేయడం తక్కువ. రోహిణీ కార్తెలో రోళ్లు పగిలే ఎండలకు ఆరింటికే ముగించండి, లేదా ఇంట్లో వరండాలో నడవండి. నడకతో పాటు వారానికి రెండు రోజులు కండకు పని చెప్పాలి: చేతులతో ఆనుకోకుండా కుర్చీలోంచి పది పన్నెండు సార్లు లేచి కూర్చోవడం, గోడకు చేతులు ఆనించి తోయడం, నీళ్ల సీసాలు ఎత్తడం. రక్తంలోని చక్కెరను ఎక్కువగా వాడుకునేది కండే. యాభై దగ్గర పడుతున్నకొద్దీ అది కరుగుతుంది, నిలబెట్టుకోవాలి. పొట్ట మీద మాత్రమే వ్యాయామం చేస్తే అక్కడి కొవ్వు కరగదు.

బెల్టు ఒంటిని బిగించి, చెమట పట్టిస్తుంది. విప్పాక నడుము మళ్లీ అంతే. టీ పొడుల్లో చాలావాటిలో విరేచనం చేసే ఆకులు ఉంటాయి. తగ్గేది నీరు. బరువు తగ్గడానికి వారానికోసారి తీసుకునే కొత్త ఇంజెక్షన్లు నిజంగా పనిచేస్తాయి, అవసరమైనవారికి నేనూ రాస్తాను. కానీ మీకు ఇప్పుడే అవి అక్కర్లేదు, మందుల షాపులో సొంతంగా కొనుక్కుని వాడేవి అసలే కావు.

నేను మీ నుంచి అడిగేది నాలుగు కిలోలు, అంటే మీ బరువులో 7 శాతం. 2002లో వెలువడిన అమెరికా అధ్యయనంలో సరిహద్దు షుగర్ ఉన్నవారు ఈ 7 శాతం లక్ష్యంతో తిండి, నడక మార్చుకుంటే మధుమేహం వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది. మన దగ్గర చెన్నైలో చేసిన అధ్యయనంలో జీవనశైలి మార్పుతో తగ్గుదల 28.5 శాతం. మనవారికి అది తక్కువే, అయినా చిన్న లాభం కాదు. లోపలి కొవ్వు ముందుగా కదులుతుంది. అద్దంలో తేడా కనిపించక ముందే ట్రైగ్లిజరైడ్లు దిగుతాయి. కాబట్టి మొదటి నెలలో "ఏమీ తగ్గలేదు" అని వదిలేయవద్దు.

మీ ఇంట్లో ఆడపిల్లలు ఉంటే ఒకసారి వారి మెడ వెనుక చూడండి. నల్లగా, ముదురుగా, మఖమల్‌లా ఉంటే మురికనుకుని సున్నిపిండి పెట్టి రుద్దుతారు, పాపం చర్మం మండుతుంది తప్ప నలుపు పోదు. అది ఒంట్లో ఇన్సులిన్ పెరిగిందనడానికి గుర్తు. నెలసరి కూడా సరిగా రాకపోతే పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య ఉందేమో పరీక్షలు చేయించాలి.

పొట్ట పెరుగుదలలో కొన్నిటికి మాత్రం ఆగకూడదు. కొద్ది వారాల్లోనే పొట్ట ఉబ్బడం, ఒళ్లు సన్నబడుతూ పొట్ట మాత్రం పెరగడం, రెండు ముద్దలకే కడుపు నిండిపోవడం, చేతికి గట్టి గడ్డ తగలడం, మాటిమాటికీ మూత్రానికి వెళ్లాల్సి రావడం, నెలసరి ఆగిపోయాక మళ్లీ రక్తం కనిపించడం. ఇవి కొవ్వు లక్షణాలు కావు. అండాశయంలో గడ్డ, కడుపులో నీరు వంటివి ఉండొచ్చు. అదే వారంలో స్కానింగ్ చేయించాలి.

ఈ వారంలో బీపీ చూపించుకోండి. ముప్పయ్యేళ్లు దాటినవారికి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో బీపీ, షుగర్ ఉచితంగానే చూస్తారు. హెచ్‌బీఏ1సీ, టీఎస్‌హెచ్, కాలేయ పరీక్షలు ఒకసారి చేయించి ఫిజీషియన్‌ను కలవండి. హెచ్‌బీఏ1సీ సుమారు మూడు నెలల సగటు చక్కెరను చూపిస్తుంది కాబట్టి మళ్లీ పరీక్ష మూడు నెలలకే. డిశ్చార్జి కాగితం దొరికితే అండాశయాలు తీశారో లేదో, బీపీ ఎంతో నాకు రాయండి. తీసి ఉంటే హార్మోన్ల గురించి, ఎముకల సాంద్రత పరీక్ష గురించి మీ గైనకాలజిస్టును ఏమేమి అడగాలో విడిగా చెబుతాను.